రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు: రాజ్‌దూత్ 350ని ఇంట్లోనే సింక్ చేసుకోవడం ఎలా

సింగిల్ సిలిండర్ బండికి కార్బొరేటర్ సెట్ చేయడం చాలామందికి వచ్చు. ఎయిర్ స్క్రూ ఎంత తిప్పాలి, ఐడిలింగ్ ఎక్కడ పెట్టాలి, ప్లగ్ ఏ రంగులో ఉండాలి, ఇవన్నీ మన సందు చివర మెకానిక్ షాపులో నేర్చుకునే కుర్రాడు కూడా చెప్పేస్తాడు. అదే సిలిండర్లు రెండో మూడో నాలుగో ఉంటే మాత్రం ఇంకో లెక్క మొదలవుతుంది, ఇంజన్‌కి మొత్తం మీద పెట్రోల్ సరిపోతోంది, అయినా ఒక సిలిండర్ తడిసి ముద్దవుతుంది, పక్క సిలిండర్ పెట్రోల్ అందక ఎండిపోతుంది, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది, అందుకే చాలా రోజులు తెలియదు. నా పాత రెండు సిలిండర్ల బైక్ రాజ్‌దూత్ 350లో ఎడమ పిస్టన్‌కి నడినెత్తిన చిల్లు పడేదాకా నాకూ తెలియలేదు. అప్పటి నుంచి సింక్ మీద, అంటే రెండు కార్బొరేటర్లూ సమానంగా పనిచేసేలా కలపడం మీద కూర్చుని నేర్చుకున్నది అంతా ఇక్కడ రాస్తున్నా, ఇంకొకరి పిస్టన్ పోకూడదని.

ముందు కొంచెం డిజైన్ గురించి చెప్తా, అది తెలిస్తే కింద చెప్పే పని ఎందుకు ఆ వరసలోనే చేయాలో తెలుస్తుంది.

ఒక లీటర్ పెట్రోల్ సరిగ్గా కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. బరువు లెక్కలో అయితే 1 పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళు గాలి. అంటే కార్బొరేటర్ పని ప్రధానంగా గాలితోనే, ఇరుకు గొంతులో గాలి జోరుగా పోతుంటే అక్కడ ప్రెషర్ పడిపోతుంది, ఆ పడిపోయినదాని వల్ల కింద బౌల్‌లో ఉన్న పెట్రోల్ జెట్ అనే సన్నటి రంధ్రం గుండా పైకి లేస్తుంది. గాలి ఎంత లాగితే పెట్రోల్ అంత. కాబట్టి రెండు కార్బ్‌లలో గాలి తేడాగా పోతుంటే మీరు జెట్‌లు ఎన్ని మార్చినా, స్క్రూలు ఎంత తిప్పినా సమానం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి నాతో అన్నమాట ఇది, "బాబూ, ముందు గాలి సమానం చెయ్యి, పెట్రోల్ సంగతి తర్వాత చూద్దాం." ఇవాళ్టికీ నేను బండి ముందు కూర్చుంటే మొదట గుర్తొచ్చేది ఆ మాటే.

ఎన్ని సిలిండర్లకి ఎన్ని కార్బ్‌లు

నాలుగు సిలిండర్ల కారుకి ఒకే కార్బ్ ఎలా సరిపోతుంది, రెండు సిలిండర్ల బైక్‌కి రెండెందుకు అని చాలామంది అడుగుతారు. ఫోర్ స్ట్రోక్‌లో ఒక సిలిండర్ గాలి లాగేది రెండు రౌండ్లకి ఒక్కసారి, అంటే 720 డిగ్రీల్లో ఇన్‌టేక్ వాల్వ్ తెరిచి ఉండేది ఉజ్జాయింపుగా 240 డిగ్రీలు. మిగతా టైమంతా ఆ కార్బ్ ఖాళీగా కూర్చుంటుంది. మారుతి 800 ఇంజన్ చూడండి, 796 సీసీ, మూడు సిలిండర్లు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-2, ఒక్కోటి 240 డిగ్రీల తేడాతో లాగుతుంది. ఒకటి లాగడం ఆపేసరికి ఇంకోటి మొదలుపెడుతుంది, ఒకరి చేతిలోంచి ఇంకొకరు బిందె అందుకున్నట్టు. ఒకే కార్బ్‌కి ఇంతకన్నా చక్కటి పని ఉండదు, గాలి ఆగకుండా సాఫీగా పోతూనే ఉంటుంది. అందుకే మూడు సిలిండర్లు ఉన్నాయి కదా అని మూడింతల గొంతు అక్కర్లేదు, ఏ క్షణంలో చూసినా లాగేది ఒక్కటే.

నాలుగు సిలిండర్లకి వచ్చేసరికి 180 డిగ్రీలకి ఒకటి లాగుతుంది, కాబట్టి ఒకదాని చివర ఇంకోదాని మొదలు కాస్త కలుస్తాయి. ఆరు సిలిండర్ల లైన్ ఇంజన్ అయితే ఇంకా అందంగా ఉంటుంది, ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4 కదా, ముందు మూడు 1, 2, 3 ఒక కార్బ్‌కి, వెనక మూడు 4, 5, 6 ఇంకో కార్బ్‌కి ఇస్తే, వరసలో ఒకటి ముందుది ఒకటి వెనకది వస్తుంది, రెండు కార్బ్‌లకీ సరిగ్గా 240 డిగ్రీల లెక్కే పడుతుంది. రెండు మారుతి ఇంజన్లు పక్కపక్కన పెట్టినట్టే అనుకోండి.

గొంతు సైజుకి పాత ట్యూనర్లు వాడే లెక్క ఒకటి ఉంది, ఫోర్ స్ట్రోక్‌కి మొదటి అంచనాగా బాగా పనికొస్తుంది. ఒక సిలిండర్ సీసీని వెయ్యితో భాగించండి, గరిష్ఠ ఆర్పీఎమ్‌ని వెయ్యితో భాగించండి, రెండూ గుణించి వర్గమూలం తీసి 20తో గుణిస్తే వెంచురీ సైజు మిల్లీమీటర్లలో వస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ దాదాపు 372 సీసీ, 4500 ఆర్పీఎమ్ అనుకుంటే 0.372 ఇంటూ 4.5, దాని వర్గమూలం 1.29, ఇంటూ 20, అంటే 26 మిల్లీమీటర్ల దగ్గర. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, ఆఖరి మాట కాదు. ఇంకా పెద్ద గొంతు పెడితే పవర్ పెరుగుతుందని పెద్ద కార్బ్ తెచ్చి బిగిస్తారు చాలామంది, తక్కువ స్పీడ్‌లో గాలి జోరు చచ్చిపోయి పెట్రోల్ సరిగ్గా చెదరదు, చినుకులు చినుకులుగా పోతుంది, పికప్ పోతుంది, మైలేజ్ కూడా పోతుంది. నేను చూసినంతలో జనం బండి పాడు చేసుకునే పద్ధతుల్లో ఇది మొదటిది.

ఇక సిలిండర్‌కి ఒక కార్బ్ ఇస్తే లాభం ఏంటంటే దారి పొట్టిగా తిన్నగా ఉంటుంది, మలుపులుండవు, ఒకదాని గాలి ఇంకోటి దొంగిలించదు, రేస్ ఇవ్వగానే స్పందన ఉంటుంది. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి నాలుగు సిలిండర్లకి నాలుగు కెయిహిన్ కార్బ్‌లు ఇచ్చింది అందుకే. నష్టం ఏంటంటే నాలుగూ ఒకేలా తెరుచుకోవాలి, లేకపోతే ఒక్క కార్బ్ కన్నా అధ్వాన్నం. దాని మొదటి మోడల్‌లో నాలుగింటికీ విడివిడి కేబుళ్ళు ఉండేవి, తర్వాత మోడల్‌లో అన్నిటినీ ఒకే లింకేజ్‌తో కలిపేశారు, కారణం ఇదే.

ఇక రాజ్‌దూత్

1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డీ 350ని ఇక్కడ రాజ్‌దూత్ 350గా తెచ్చారు. 347 సీసీ, 64 బోర్ 54 స్ట్రోక్, టూ స్ట్రోక్, రీడ్ వాల్వ్, క్రాంక్ 180 డిగ్రీలది, అంటే ఒక పిస్టన్ పైన ఉంటే ఇంకోటి కింద, రెండు మికుని స్లైడ్ కార్బ్‌లు, వాటి గొంతులో పైకీ కిందికీ కదిలి దారి తెరిచి మూసేదే స్లైడ్. ఎక్సలేటర్ కేబుల్ పైన ఒకటే, కింద ఒక జంక్షన్ దగ్గర మూడుగా చీలుతుంది, రెండు కార్బ్‌లకి రెండు, ఆయిల్ పంప్‌కి ఒకటి. మొత్తం కథ ఆ మూడు వైర్లలోనే ఉంది.

కార్బ్ మీద చెయ్యి వేసే ముందు ఇవి చూడండి, ఇవి చూడకుండా సింక్ చేయడం గోడ ఒరిగి ఉండగా సున్నం కొట్టడం లాంటిది. రెండు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉందా. స్పార్క్ పడే సమయం చూసే రెండు పాయింట్ల గ్యాప్, టైమింగ్ విడివిడిగా సెట్ చేశారా, ఈ బండిలో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పాయింట్ సెట్ ఉంటుంది కాబట్టి టైమింగ్ తేడాని కార్బ్ తేడా అనుకుని మోసపోవడం చాలా తేలిక. ప్లగ్‌లు రెండూ ఒకే నంబర్ కొత్తవి పెట్టండి. రీడ్ వాల్వ్ తీసి రేకుల అంచు విరిగిందేమో, మూసినప్పుడు వెలుతురు కనిపిస్తోందేమో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎయిర్ లాగుతోందా. నా పిస్టన్ పోయింది ఇక్కడే. కార్బ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బర్ పైకి బాగానే కనిపించేది, కింద వైపు చేత్తో వంచితే మాత్రం సన్నటి చీలిక. అప్పట్లో ఒక షాపులో ఎడమ వైపు ప్లగ్ తెల్లగా ఉందని చూసి మెయిన్ జెట్ పెంచి పంపించారు, ఐడిల్ దగ్గర సరిపోయినట్టే అనిపించింది, ఏలూరు దాకా హైవే మీద లాగించి ఎక్సలేటర్ వదిలిన క్షణం ఎడమ సిలిండర్ పోయింది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటే ఆయిల్ కూడా లోపలికి పోతుంది, గాలి ఎక్కువైతే మంట వేడెక్కుతుంది, పిస్టన్ తట్టుకోదు. తప్పు జెట్‌లో లేదు, రబ్బర్‌లో ఉంది. నాలుగు రూపాయల వస్తువు అని చూడకుండా వదిలేయకండి.

ఎయిర్ లీక్ కనుక్కోవడానికి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా డబ్ల్యూడీ-40 లాంటిది ఆ రబ్బర్ చుట్టూ, ఇన్‌టేక్ ప్యాకింగ్ చుట్టూ కొంచెం కొంచెం కొట్టండి, ఇంజన్ శబ్దం మారితే అక్కడే లీక్. పెట్రోల్ మాత్రం చల్లకండి, కొంతమంది చేస్తారు, వేడి సైలెన్సర్ పక్కన అది చాలా ప్రమాదం, డబ్ల్యూడీ-40 కూడా అంటుకునేదే కాబట్టి వేడి పైపు మీద పడకుండా చూసుకోండి. రబ్బర్ బాగున్నా శబ్దం నిలకడ లేకపోతే, రేస్ ఇచ్చి వదిలాక ఇంజన్ కిందికి దిగడానికి ఆలస్యం చేస్తుంటే క్రాంక్ సీల్, అంటే క్రాంక్ చివర గాలీ ఆయిలూ లోపలికి రాకుండా ఆపే రబ్బర్ రింగ్, అనుమానించండి. ఎడమ వైపు సీల్ పోతే కరెంటు తయారయ్యే ఆల్టర్నేటర్ వైపు నుంచి గాలి లాగుతుంది, కుడి వైపు క్లచ్ ఉంటుంది కాబట్టి ఆ సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి కుడి సైలెన్సర్ ఒక్కటే ఆగకుండా పొగ కక్కుతుంది. పొగ ఒక వైపే ఎక్కువ అంటే సింక్ గురించి ఆలోచించే ముందు గేర్ ఆయిల్ తగ్గిందేమో చూసుకోండి.

ఇప్పుడు కార్బ్‌లు దించండి. రెండూ ఒకేసారి విప్పి సామాను కలిపేయకండి, రెండు పళ్ళాలు పెట్టుకోండి, ఎడమది ఎడమ పళ్ళెంలో కుడిది కుడి పళ్ళెంలో. జెట్‌లని తీగ పెట్టి పొడవద్దు, ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా సైజు మారిపోతుంది, కార్బ్ క్లీనర్ కొట్టి కంప్రెసర్ గాలి పెడితే చాలు. జెట్ మీద నంబర్ భూతద్దం పెట్టి చదవండి, రెండు వైపులా మెయిన్ జెట్, పైలట్ జెట్, నీడిల్, నీడిల్‌కి క్లిప్ ఉన్న గాడి, స్లైడ్ మీద కటవే (అడుగున కోసిన భాగం) నంబర్, అన్నీ ఒకటే ఉండాలి. ఈ బండ్లు నలభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారాయో, ఈ మోడల్‌లోనే రెండు రకాలు కదా, హై టార్క్ బండిది ఒక కార్బ్, లో టార్క్ బండిది ఒక కార్బ్ కలిపి బిగించిన బండ్లు కూడా ఉంటాయి, పైకి రెండూ ఒకటే లాగా కనిపిస్తాయి. స్లైడ్ గోడలు అరిగి లోపల కదులుతుంటే అది కూడా ఎయిర్ లాగడమే, ఎంత తిప్పినా ఐడిల్ నిలబడదు. చోక్ ప్లంజర్ అడుగున రబ్బర్ పాడైతే ఆ వైపు ఎప్పుడూ చోక్ కొంచెం వేసినట్టే ఉంటుంది, అదీ చూడండి.

బౌల్‌లో పెట్రోల్ మట్టం నిలబెట్టే తేలే భాగమే ఫ్లోట్, ఆ ఫ్లోట్ లెవెల్ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీన్ని అందరూ దాటేస్తారు. బౌల్‌లో పెట్రోల్ ఒక రెండు మిల్లీమీటర్లు పైన ఉంటే అది ఐడిల్ నుంచి ఫుల్ రేస్ దాకా అన్ని చోట్లా మిక్స్చర్‌ని రిచ్ చేస్తుంది, అంటే పెట్రోల్ పాలు పెంచుతుంది, జెట్ పైకి పెట్రోల్ లేవాల్సిన దూరం తగ్గుతుంది కదా. రెండు కార్బ్‌లలో లెవెల్ తేడా ఉంటే రెండు సిలిండర్లు ఎప్పటికీ కలవవు. కార్బ్ తలకిందులు చేసి ఫ్లోట్ నాలుక ఫ్లోట్ నీడిల్ మీద ఊరికే ఆనేలా పట్టుకుని, అక్కడున్న చిన్న స్ప్రింగ్ నొక్కుకోకుండా, వెర్నియర్‌తో కొలవండి, మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకి నాలుక వంచి సరిచేయండి. ఆ తర్వాత కూడా బౌల్ కింద స్క్రూ దగ్గర సన్నటి ట్రాన్స్‌పరెంట్ ట్యూబ్ తగిలించి పైకి వంచి పట్టుకుంటే నిజంగా పెట్రోల్ ఎక్కడ నిలబడిందో కనిపిస్తుంది, రెండు వైపులా అదే ఎత్తులో ఉండాలి.

తిరిగి బిగించేటప్పుడు ఒక హెచ్చరిక. స్లైడ్‌కి ఒక వైపు కింద కోసినట్టు ఉంటుంది, ఆ కోసిన వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకే ఉండాలి, పక్కన గాడి లోపల పిన్‌లో కూర్చోవాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి పెట్టి తిప్పి దించేస్తే స్లైడ్ పూర్తిగా కిందికి దిగదు, కిక్ కొట్టగానే ఇంజన్ ఆకాశానికి పోతుంది. మొదటి కిక్ కొట్టే ముందు ఎక్సలేటర్ తిప్పి వదిలితే రెండు స్లైడ్‌లూ టక్కున కింద పడిన శబ్దం రావాలి, హ్యాండిల్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి కూడా వినండి.

సింక్ అసలు పని

ఇంజన్ ఆపి ఉండగానే సగం పని అయిపోతుంది. ఎయిర్ బాక్స్ రబ్బర్లు తీసేసి కార్బ్ నోళ్ళు కనిపించేలా పెట్టుకోండి. మొదట కేబుల్ అడ్జస్టర్లు రెండూ బాగా లూజ్ చేయండి, స్లైడ్‌లు కేవలం ఐడిల్ స్క్రూ మీద ఆనాలి. రెండు ఒకే సైజు డ్రిల్ బిట్‌లు, 3 మిల్లీమీటర్లవి అయితే బాగుంటుంది, వాటి నున్నటి వెనక భాగాన్ని ఒక్కో స్లైడ్ కింద పెట్టండి, రెండు వైపులా ఒకే చోట, ఎందుకంటే కోసిన భాగం కింద పెడితే ఒక ఎత్తు వెనక పెడితే ఇంకో ఎత్తు వస్తుంది. ఐడిల్ స్క్రూ తిప్పుతూ రెండు బిట్‌లూ ఒకే పట్టుతో జారేలా చేయండి. తర్వాత బిట్‌లు తీసి రెండు స్క్రూలనీ లెక్కపెట్టి ఒకే సంఖ్యలో రౌండ్లు వెనక్కి తిప్పండి. ఎయిర్ స్క్రూలు రెండూ మెల్లగా మూసి, బిగించకుండా, ఒకటిన్నర రౌండు తెరవండి, అక్కడి నుంచి మొదలు.

ఇప్పుడు కేబుల్. ఎడమ చేతి రెండు వేళ్ళు రెండు కార్బ్ నోళ్ళలో స్లైడ్‌లకి ఆనించి, కుడి చేత్తో ఎక్సలేటర్ వెంట్రుకవాసి తిప్పండి. రెండు స్లైడ్‌లూ ఒకే క్షణంలో కదలాలి. వేలికి తెలిసినంత కంటికి తెలియదు, నమ్మండి. ఒకటి ముందు లేస్తే దాని కేబుల్ అడ్జస్టర్ కొంచెం లూజ్, లేదా వెనకబడ్డదాన్ని కొంచెం టైట్, రెండింటిలోనూ కాస్త ఫ్రీ ప్లే మిగలాలి. తర్వాత ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి చూడండి, రెండు స్లైడ్‌ల కింది అంచు గొంతు పైభాగానికి ఒకేలా చేరాలి. మొదట్లో కలిసి లేచి చివర తేడా వస్తే జంక్షన్ దగ్గర ఒక కేబుల్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ఒకటి పాతది ఒకటి కొత్తది. కేబుల్ మారిస్తే సెట్ మొత్తం మార్చండి.

రబ్బర్లు, ఫిల్టర్ అన్నీ తిరిగి పెట్టి స్టార్ట్ చేయండి, ఫిల్టర్ లేకుండా ట్యూన్ చేస్తే ఫిల్టర్ పెట్టగానే లెక్క మారిపోతుంది. బయట, గాలి ఆడే చోట చేయండి. బండి ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఎయిర్ కూల్డ్ ఇంజన్ నిలబడి పది నిమిషాలు తిరిగితే విపరీతంగా వేడెక్కుతుంది, వేడెక్కాక చేసిన సెట్టింగ్ తప్పుగా వస్తుంది.

ఇంజన్ బాగా వేడయ్యాక ఐడిల్ కొంచెం పైకి పెట్టి, ఒక పాత ప్లగ్‌ని ఫిన్స్‌కి ఆనించి సిద్ధంగా ఉంచుకోండి. ఎడమ ప్లగ్ క్యాప్ పీకి ఆ పాత ప్లగ్‌కి తగిలించండి, ఊరికే గాలిలో వదిలితే కాయిల్ దెబ్బతింటుంది, మీకూ షాక్ కొడుతుంది. ఇప్పుడు బండి కుడి సిలిండర్ మీదే నడుస్తోంది, ఆర్పీఎమ్ ఎంతకి దిగిందో చూడండి. పెట్టేసి, కొంచెం రేస్ ఇచ్చి క్లియర్ చేసి, ఇప్పుడు కుడిది పీకి చూడండి. ఏ వైపు ఒంటరిగా నీరసంగా తిరుగుతుందో ఆ వైపు ఐడిల్ స్క్రూ పావు రౌండు లోపలికి. తర్వాత ఆ సిలిండర్ ఎయిర్ స్క్రూ అటూ ఇటూ తిప్పి ఎక్కడ ఎక్కువ ఆర్పీఎమ్ వస్తుందో అక్కడ ఆపండి. ఈ కార్బ్‌లో స్క్రూ గాలి వైపుది, బయటికి తిప్పితే లీన్, అంటే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ. ఇంజన్ వైపు స్క్రూ ఉండే కార్బ్‌లలో ఇది సరిగ్గా తిరగబడుతుంది, బయటికి తిప్పితే రిచ్, ఇంకో బండి చేసేటప్పుడు మర్చిపోకండి. ఒక్కోసారి పదిహేను సెకన్ల కన్నా ఎక్కువ ఒక సిలిండర్ మీద ఉంచొద్దు, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లో చేరుతుంది. రెండూ విడివిడిగా ఒకే ఆర్పీఎమ్‌లో నిలబడ్డాక, రెండు క్యాప్‌లూ పెట్టి, పెరిగిన ఐడిల్‌ని రెండు స్క్రూలూ సమానంగా తిప్పుతూ దించుకోండి. ఒక స్క్రూ ఒక్కటే తిప్పి ఐడిల్ దించితే ఇంతసేపు చేసిందంతా పోయినట్టే.

తర్వాత ఎవరినైనా 2500 దగ్గర రేస్ పట్టుకోమని చెప్పి మీరు వెనక్కి వెళ్ళి రెండు సైలెన్సర్ల వెనక అరచేతులు ఒక జానెడు దూరంలో పెట్టండి. రెండు చేతులకీ ఒకే దెబ్బ, ఒకే వేడి తగలాలి. ఇప్పుడు దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఉంటే ఇంకా మంచిది, సిలిండర్ దగ్గర పైపు మీద రెండు వైపులా ఒకే దూరంలో కొలవండి. ఇక్కడ తేడా ఉంటే ఐడిల్ స్క్రూ ముట్టుకోవద్దు, కేబుల్ అడ్జస్టర్ మాత్రమే, ఎందుకంటే ఐడిల్ దాటాక స్లైడ్‌ని పట్టుకుని ఉండేది కేబుల్.

ఆఖరుగా ఆయిల్ పంప్ కేబుల్. కార్బ్ కేబుల్స్ ముట్టుకున్న ప్రతిసారీ పంప్ కప్పీ మీద గుర్తు దాని పిన్‌కి మాన్యువల్ చెప్పినట్టు కలుస్తోందా చూడాలి. కార్బ్‌లు అద్భుతంగా సింక్ చేసి పంప్ వదిలేస్తే రేస్‌కి తగ్గ ఆయిల్ అందదు, అందకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

రోడ్డు మీద పరీక్షకి ఎక్సలేటర్ గ్రిప్ మీద తెల్ల టేప్ అతికించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. మొదటి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ పని. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ కటవే. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. ఏ గుర్తు దగ్గర బండి తడబడుతుందో దాన్నే చూడండి, సగం రేస్‌లో దగ్గుతుంటే మెయిన్ జెట్ మార్చేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఖాళీ రోడ్డులో, హెల్మెట్ పెట్టుకుని, ఒక గుర్తు దగ్గర కాసేపు నిలకడగా పోనిచ్చి, క్లచ్ పట్టి ఇంజన్ ఆఫ్ చేసి పక్కకి ఆపి, ప్లగ్‌లు చల్లారాక తీయండి. లేత చాక్లెట్ రంగు బాగుంది, తెల్లగా ఉంటే లీన్, నల్లగా తడిగా ఉంటే రిచ్. రెండు ప్లగ్‌లూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేనంతగా ఉండాలి.

వాక్యూమ్ గేజ్ ఎప్పుడు

నాలుగు కార్బ్‌ల ఫోర్ స్ట్రోక్ బైక్‌కి వాక్యూమ్ గేజ్‌లే సరైన దారి, ఇన్‌టేక్ దగ్గర నిపుల్‌కి తగిలిస్తే ఏది ఎక్కువ లాగుతుందో ముల్లు చెప్పేస్తుంది, ఒక కార్బ్‌ని బేస్‌గా పెట్టుకుని మిగతావి దానికి కలపాలి. రెండు సిలిండర్లకైతే గేజ్ కొనక్కర్లేదు, నాలుగైదు మీటర్ల ట్రాన్స్‌పరెంట్ ట్యూబ్‌ని చెక్క మీద యూ ఆకారంలో కట్టి మధ్యలో టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) పోస్తే చాలు, రెండు చివర్లు రెండు నిపుల్‌లకి, ఆయిల్ ఏ వైపు ఎక్కితే ఆ వైపు ఎక్కువ లాగుతోంది. ట్యూబ్ పొడుగ్గా ఉండాలి, పొరపాటున ఇంజన్ లాగేసుకున్నా ఆయిల్ కాబట్టి కాలిపోతుంది, నీళ్ళు గానీ పాదరసం గానీ పోయొద్దు. రాజ్‌దూత్ లాంటి పాత టూ స్ట్రోక్‌కి మాత్రం వేళ్ళ పద్ధతే మేలు, అక్కడ వాక్యూమ్ చాలా తక్కువ, గేజ్ ముల్లు ఊగుతూనే ఉంటుంది.

కారు వాళ్ళకి కొంచెం

అంబాసిడర్ ఇంజన్‌లో సమస్య ఇంకో రకం, కార్బ్ ఒకటే, ఎస్‌యూ రకం, కానీ హెడ్‌లో ఇన్‌టేక్ రంధ్రాలు రెండే, 1, 2 సిలిండర్లకి కలిపి ఒకటి, 3, 4కి కలిపి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, అంటే 3 లాగిన వెంటనే 4, 2 లాగిన వెంటనే 1, ఒకే రంధ్రంలో ఇద్దరూ వెంటవెంటనే లాగి తర్వాత చాలాసేపు ఎవరూ లాగరు. అందుకే లోపలి సిలిండర్లకీ బయటి సిలిండర్లకీ వాటా ఎప్పుడూ పూర్తిగా సమానంగా ఉండదు, నాలుగు ప్లగ్‌లు తీసినప్పుడు కొంచెం తేడా ఉంటే కంగారు పడొద్దు. ఇంకోటి, కార్బ్ నుంచి సిలిండర్లకి వెళ్ళే గొట్టం, అంటే మానిఫోల్డ్ గోడలకి పెట్రోల్ తడిగా అంటుకుంటుంది, మలుపులో గాలి తిరుగుతుంది గానీ చినుకు తిన్నగా పోయి గోడకి కొట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ వేడి ఇన్‌టేక్‌కి తగిలేలా రెండూ ఒకే వైపు పెట్టడం ఆ తడి ఆరడానికే. 

ఎస్‌యూ మిక్స్చర్ చూడటం తేలిక, కార్బ్ కింద పిన్ ఉంటుంది, ఐడిల్‌లో దాన్ని నొక్కి కార్బ్ లోపలి పిస్టన్‌ని ఒక మిల్లీమీటర్ కన్నా తక్కువ లేపండి. ఇంజన్ స్పీడ్ పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరి, వెంటనే పడిపోతే లీన్. కార్బ్ పైన డ్యాష్‌పాట్ అనే గొట్టంలో ఆయిల్ ఉందో లేదో చూడకుండా ఇది చేయకండి, ఆయిల్ లేకపోతే రేస్ ఇవ్వగానే దగ్గుతుంది, జనం జెట్ తిప్పేస్తారు.

ఇప్పటి పెట్రోల్

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. దీనికి 14.7 కాదు, దాదాపు 13.5 పాళ్ళ గాలే సరి, అంటే పాత జెట్‌తో పాత బండి తనంతట తానే లీన్ అవుతుంది. నలభై ఏళ్ళ నాటి జెట్ నంబర్ మాన్యువల్‌లో ఉంది కదా అని కళ్ళు మూసుకుని పెట్టకండి, ప్లగ్ చూసి, అవసరమైతే రెండు వైపులా ఒక్క నంబర్ పైకి వెళ్ళండి. పాత రబ్బర్లనీ ఇథనాల్ ఉబ్బిస్తుంది, ఎండగొడుతుంది, ఫ్లోట్ నీడిల్ చివర, చోక్ ప్లంజర్ చివర, పెట్రోల్ పైపులు అన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. బండి నెలల తరబడి నిలబెడితే బౌల్‌లు ఖాళీ చేయండి, ఇథనాల్ తేమ పీల్చుకుని అడుగున నీళ్ళు చేరతాయి, రెండు కార్బ్‌లలో ఒకదానిలో ఎక్కువ చేరితే మళ్ళీ మొదటికి వస్తారు.

ఎత్తు కూడా చూసుకోండి. విజయవాడలో సెట్ చేసిన బండితో అరకు వెళ్తే, అది 900 మీటర్ల ఎత్తు కాబట్టి గాలి దాదాపు పదో వంతు పల్చబడుతుంది, అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బరువుగా, రిచ్‌గా అనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా రిచ్ అయితే సింక్ తప్పు కాదు, స్క్రూలు ముట్టుకోకుండా కిందికి దిగండి, అదే సర్దుకుంటుంది. 

కొత్త కేబుల్ సెట్ వేసి ఉంటే మొదటి వంద కిలోమీటర్లలో అవి సాగుతాయి, రెండూ ఒకే అంత సాగవు. వంద తిరిగాక ఒకసారి రబ్బర్లు తీసి మళ్ళీ ఆ రెండు వేళ్ళు పెట్టి చూడండి, పావు గంట పని, తేడా ఉంటే అడ్జస్టర్ తిప్పి లాక్ నట్ బిగించి పంప్ గుర్తు ఇంకోసారి చూసుకోండి.